తెలుగులో రాయమన్నారు

హోప్ టౌన్,
జూన్ 19.

లహరీ,

నీ మొదటి ఉత్తరం అందింది. 'కలా దీదీ' అని మొదలుపెట్టావు. నేను కలను కానే, కళను. మూడేళ్లు నా పక్కన నిలబడి ఆడినదానివి, పేరైనా సరిగ్గా రాయడం నేర్చుకో. రెండు పేజీల్లో ఇరవై మూడు తప్పులున్నాయి. ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపుతున్నాను, చూసుకో.

హిందీ మీడియం చదువు కదా, ఇంతకన్నా ఏం వస్తుంది! పోనీ హిందీలోనే ఏడవ్వే అంటే, గదిలో పిల్లలు భుజం మీద నుంచి చదివేసి నవ్వుతున్నారంటావు. ఫోన్లు క్లబ్బువాళ్లు లాగేసుకున్నారంటావు. ఆదివారం ఇచ్చే పది నిమిషాలు మీ అమ్మకే చాలవు. ఇక నాకు మిగిలింది నీ తప్పుల తెలుగు. సరే, కానీ.

ఇక్కడ వానలు. సముద్రం బాగోక రెండు రోజులు బోటు ఆపేశారు. నిన్నటి నుంచి మళ్లీ ఫీనిక్స్ బేకి వెళ్తున్నాను. జెట్టీ ఎదురుగా జిరాక్స్ షాపులో అదే ఉద్యోగం. రాయడం రానివాళ్లకి అర్జీలు రాసిపెట్టాలి, ఒకరికి హిందీలో, ఒకరికి తెలుగులో. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ మొదలుపెడుతుంది. "ఆ గుంటకి బంతాపడం నేర్పినదానివి నువ్వు. అది కలకత్తా ఎల్లిపోనాది. నువ్వేమో కాయితాలు నింపుకుంటన్నావు. సిగ్గునేదేటే నీకు?" సిగ్గుందో లేదో నేనూ వెతుక్కుంటున్నాను.

ఒక్క మాట అడుగుతాను, ఊరికే. అండమాన్ దీవులన్నిటికీ కలిపి ఒక్క డిఫెండర్నే తీసుకుంటామన్నారు మీ ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు. ట్రయల్ మధ్యాహ్నం మూడింటికన్నారు. నేను ఒంటిగంట బోటెక్కి వచ్చేసరికి మీరంతా చెమటలు తుడుచుకుంటున్నారు. పొద్దున పదింటికే మొదలైందట. జాలిపడి నన్ను పది నిమిషాలు ఆడించి వెయిటింగు లిస్టులో పెట్టారు, ఓడ టికెట్టుకి పెట్టినట్టు. టైము మారిందని నీకెప్పుడు తెలిసింది?

దిద్దిన మాటలు పదేసిసార్లు రాయి.

కళ


బారాసత్, కలకత్తా,
జూలై 2.

కళా దీదీకి,

ఈసారి ళ సరిగ్గా పెట్టాను, చూడు. పదేసిసార్లు రాశాను కూడా. గదిలో పిల్లలు ఇది ఏం లిపి, జిలేబీలా ఉంది అంటున్నారు. ఎవరికీ అర్థం కాదు. అందుకే నాకు మజాగా ఉంది. మన ఇద్దరికీ ఒక తాళం ఉన్నట్టు.

ట్రయల్ టైము నాకూ ఆ పొద్దునే తెలిసింది దీదీ. మన కోచ్ మల్లేశు సార్ ఫోన్ చేసి చెప్పారు. వెంటనే నీకు చేశాను. కాల్ లగలేదు. హోప్ టౌన్ నెట్‌వర్క్ సంగతి నీకు తెలుసు కదా. నేనేం చెయ్యను.

ఇక్కడ నేను బెంచీ మీదే. మిగతావాళ్లంతా నాకన్నా పొడుగు. మైదానంలో గడ్డి ఎంత మెత్తగా ఉంటుందో! మన స్టేడియంలో పడితే మోకాలు తోలు పోతుంది, ఇక్కడ పడుకోవాలనిపిస్తుంది. మేనేజర్ గణేశ్వరరావు సార్ విజయనగరం ఆయన. తెలుగు వచ్చినవాళ్లు మేమిద్దరమే. 'మన అమ్మాయి' అంటారు నన్ను. నేను జవాబు చెబితే నవ్వుతారు. నీ తెలుగు సగం హిందీ అంటారు.

ఒక మదద్ కావాలి. మౌమిత అని ఫార్వర్డ్ ఉంది. క్లబ్బు పెట్టిన పెద్దాయన కూతురు. చాలా తేజ్. ప్రాక్టీసులో రోజూ నా ఎడమ పక్క నుంచి వెళ్లిపోతుంది, నేను చూస్తూ నిలబడతాను. ఆమెను ఎలా ఆపాలి? నువ్వు చెబితే ఆపుతాను. నువ్వు లేకుండా మైదానంలో నా పక్క ఖాళీగా ఉంది దీదీ. నిజం.

నీ లహరి


హోప్ టౌన్,
జూలై 11.

లహరీ,

తొమ్మిది తప్పులు. పరవాలేదు.

నువ్వు బంతిని చూస్తున్నావు, అందుకే నిలబడిపోతున్నావు. బంతిని చూడకు, ఆమె కాళ్లనీ చూడకు. కాళ్లు అబద్ధాలాడతాయి. తుంటిని చూడు. మనిషి ఎటు వెళ్లాలనుకుంటే తుంటి ముందు అటు తిరుగుతుంది, దానికి నటన రాదు. ఆమె నీ ఎడమకే వస్తోందంటే నీ ఎడమకాలు బరువుగా ఉందని కనిపెట్టింది. ఒక అడుగు ఎడమకి జరిగి నిలబడు, కుడివైపు దారి నువ్వే ఇవ్వు. ఇచ్చిన దారిలోకి వచ్చాక మూసెయ్.

కిందపడి టాకిల్ చెయ్యడం చిట్టచివరి పని. కానీ చెయ్యాలనుకున్నావా, మళ్లీ ఆలోచించకు. సగం మనసుతో కాలు చాపితేనే ఎముకలు విరుగుతాయి, నీవో అవతలిదానివో.

నెట్‌వర్క్ సంగతి రాశావు. ఆ రోజు పొద్దున మా పిన్ని భీమిలి నుంచి ఫోన్ చేసి గంటసేపు తన కోడలి మీద చాడీలు చెప్పింది. ఒక్కసారి కూడా కట్ అవలేదు. నీ ఫోనుకే ఏదో రోగం వచ్చుంటుంది. పోనీలే.

నేను చెప్పినట్టు చేసి ఏమైందో రాయి. ఇక్కడ నేను ఆపడానికి ఎవరూ లేరు. క్యూలో ముందుకు తోసుకొచ్చే మొగవాళ్లని మోచేత్తో ఆపుతున్నాను, అదే నా ప్రాక్టీసు.

కళ


బారాసత్,
ఆగస్టు 14.

మేరీ ప్యారీ కళా దీదీ,

పక్కా పని చేసింది! ఆ తుంటి మాట! వారం రోజుల్లో మౌమిత నన్ను ఒక్కసారి దాటింది, అంతే. ఇక్కడి కోచ్ అడిగాడు, ఇది ఎక్కడ నేర్చుకున్నావని. 'అండమాన్‌లో అందరం ఇలాగే ఆడతాం సార్' అన్నాను.

తర్వాత అంతా జల్దీ జల్దీ జరిగింది. జంషెడ్‌పూర్ వాళ్లతో మ్యాచ్‌లో స్టాపర్‌గా ఆడే డిఫెండర్‌కి జ్వరం వస్తే నన్ను దింపారు. ఒక్క గోలూ పడలేదు. తర్వాత నాలుగు మ్యాచ్‌లు వరసగా నేనే. బంగ్లా పేపర్‌లో నా ఫొటో వచ్చింది, కింద ఏం రాశారో మౌమిత చదివి చెప్పింది, 'దీవి నుంచి వచ్చిన గోడ' అని రాశారట. అమ్మ ఆ ఫొటోని జంగ్లీఘాట్ అంతా తిప్పుతోందట, నీకూ చూపించి ఉంటుంది.

అసలు మాట ఇప్పుడు. కెనడా నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు డిఫెండర్. అక్టోబరులో మా క్లబ్బు కెనడా వెళ్తోంది, మూడు వారాలు, నాలుగు మ్యాచ్‌లు. అక్కడ ఆడినవాళ్లలో ఇద్దర్ని వాళ్ల క్లబ్బు ఉంచేసుకుంటుంది! చదువు, ఆట, అన్నీ వాళ్లే చూస్తారు. లిస్టు పెట్టారు దీదీ. డిఫెండర్లలో మొదటి పేరు నాదే. మేడమ్ నా తల మీద చెయ్యి పెట్టి ఏదో అంది. సార్ తెలుగులో చెప్పారు, 'ఈ పిల్ల బంతికన్నా ముందే అక్కడుంటుంది' అందట.

కొత్త బూట్లు ఇచ్చారు. నా పాతవి నీకు పార్సెల్ చేశాను. ఒక్క సీజనే వాడాను, బాగున్నాయి. నువ్వు ఇంకా ఆడుతున్నావా? ఆడకపోతే ఉంచుకో, యాద్‌గా.

నీ లహరి


హోప్ టౌన్,
ఆగస్టు 23.

లహరీ,

బూట్లు వచ్చాయి. నాకు ఒక సైజు చిన్నవి. మూడేళ్లు ఒకే గదిలో బట్టలు మార్చుకున్నాం, నా కాలు ఎంతో నీకు తెలుసనుకున్నాను. అమ్మకి సరిపోయాయి. జంగ్లీఘాట్‌లో పడవ నుంచి చేపలు దించేటప్పుడు వేసుకుంటోంది. అడుగున మేకులున్నాయి కదా, తడి చెక్క మీద జారడం లేదట. "మంచి జోళ్లే పంపినాది" అంది.

ఫొటో చూశాను. మీ అమ్మ కనకలక్ష్మమ్మ జిరాక్స్ షాపుకే తెచ్చి ఇరవై కాపీలు తీయించుకుంది. నేనే తీశాను. మిషను వేడెక్కి నీ మొహం కాస్త నల్లగా వచ్చింది, ఏమనుకోకు.

'అండమాన్‌లో అందరం ఇలాగే ఆడతాం' అన్నావా? బాగుంది. అందరం అంటే నేను కూడా ఉన్నానన్నమాట.

మల్లేశు మాస్టారు కనిపించారు. వెయిటింగు లిస్టులో ఉన్న ఇద్దరి కాగితాలు కూడా వీసాల కోసం క్లబ్బు తెప్పించుకుందట, ఎవరికైనా దెబ్బ తగిలితే అక్కరకొస్తారని. డిఫెండర్లలో వెయిటింగులో మొదటి పేరు నాది. నువ్వు బాగా ఆడు. దెబ్బలు తగిలించుకోకు.

ఇంకా ఆడుతున్నావా అనడిగావు. ఆడుతున్నాను.

కళ


బారాసత్,
సెప్టెంబరు 3.

దీదీ,

చాలా టెన్షన్‌లో ఉన్నాను. మొదట చెడ్డ మాట చెబుతాను, తర్వాత మంచి మాట.

శుక్రవారం ప్రాక్టీసులో మౌమిత బంతి తీసుకుని ఒక్కతే వస్తోంది. నేను కిందపడి టాకిల్ చేశాను. నువ్వు చెప్పినట్టే, పూర్తి మనసుతో. బంతే తగిలింది ముందు, కసమ్, ఒట్టు. తర్వాత ఆమె నా కాలు మీద పడింది. ఆమె చీలమండ విరిగింది. కెనడా ఆమెకి పోయింది. వాళ్ల నాన్న క్లబ్బుకి వచ్చి అరిచాడు, ఆ జంగ్లీ పిల్ల ఉంటే నేనుండనన్నాడు. కెనడా మేడమ్ మాత్రం గట్టిగా చెప్పింది, టాకిల్ సాఫ్‌గా ఉంది, నేను చూశాను, ఎవరడిగినా చెబుతానని. సెప్టెంబరు 25న కమిటీ కూర్చుంటుంది. మేడమ్ మాట చెబితే ఏమీ కాదని అందరూ అంటున్నారు. అయినా ఒక పెద్దమనిషి నా మీద కోపంగా ఉంటే భయంగా ఉండదా?

ఇప్పుడు మంచి మాట. నిన్న గణేశ్వరరావు సార్ పిలిచారు. "చూడమ్మా, కమిటీ దాకా ఎందుకు? నువ్వు రాజీనామా రాసిచ్చెయ్. గొడవ ఇక్కడితో సర్దుకుంటుంది. నీకూ మంచిదే" అన్నారు. నాకెంత హాయిగా అనిపించిందో! నాన్న ఆటో, పక్కింటి భయ్యా స్కూటరు గుద్దుకుంటే పోలీసు థానాలో రాజీనామా రాసుకున్నారు, గుర్తుందా? నువ్వే రాసిపెట్టావు. ఇద్దరూ సంతకం పెట్టి బయటికొచ్చి చాయ్ తాగారు. అలాగే నేనూ మౌమిత నాన్నతో రాజీ అయిపోతాను. తర్వాత ఎవరికీ కోపం ఉండదు, కెనడాకి నిశ్చింతగా వెళ్తాను.

సార్‌కి హిందీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నా ఇంగ్లీషు చూసి కమిటీవాళ్లు నవ్వుతారట. అందుకే తెలుగులో రాయమన్నారు, నా చేత్తో. ఇంగ్లీషు ఆయనే చేయిస్తారట. దీదీ, నా తెలుగు నీకు తెలుసు. ఒక మంచి రాజీనామా రాసి పంపవా? పెద్ద పెద్ద మాటలు వెయ్యి. చూసి రాసుకుంటాను. ఈ పని నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు.

నీ లహరి


హోప్ టౌన్,
సెప్టెంబరు 10.

లహరీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. భయపడకు. నువ్వడిగినట్టే రాసి పంపుతున్నాను. ఒక్క అక్షరం మార్చకుండా తెల్లకాగితం మీద ఎత్తి రాయి. కొట్టివేతలు ఉండకూడదు.

"గౌరవనీయులైన మేనేజరు గారికి, నమస్కారములు. నేను, లహరి, డిఫెండరు, వ్యక్తిగత కారణముల వలన క్లబ్బు జట్టు నుండియు, కెనడా పర్యటన నుండియు వైదొలగుటకు నిశ్చయించుకొని, నా రాజీనామాను స్వచ్ఛందముగా సమర్పించుకొనుచున్నాను. ఈ విషయమున నాపై ఎవరి ఒత్తిడియు లేదు. దయతో వెంటనే ఆమోదింప ప్రార్థన. ఇట్లు, భవదీయురాలు."

పెద్ద మాటలు చూసి కంగారు పడకు. ఆఫీసు తెలుగు ఇలాగే ఉంటుంది, రోజూ పది రాస్తాను. సార్ ఏమైనా అడిగితే నా ఇష్టంతోనే ఇస్తున్నానని చెప్పు. తడబడితే ఎవరో రాసిచ్చారనుకుంటారు. కమిటీ కూర్చోకముందే ఇచ్చెయ్.

సంతకం మాత్రం తెలుగులో పెట్టు. ల, హ, రి. మూడే అక్షరాలు, తప్పు పోవు.

కళ


బారాసత్,
సెప్టెంబరు 11.

దీదీ,

నీ జవాబు ఇంకా రాలేదు. రాకముందే ఒకటి చెప్పాలి. మౌమిత మంచం మీద పడి ఉంటే రోజూ చూసి వస్తున్నాను. నిన్న ఆమె అడిగింది, 'కావాలని చేశావా?' అని. కాదన్నాను. నమ్మింది. అప్పటి నుంచి నువ్వే గుర్తొస్తున్నావు. ఎందుకంటే నీకు నేను కావాలనే చేశాను.

ట్రయల్ టైము మారిందని మల్లేశు సార్ ముందురోజు సాయంత్రమే చెప్పారు. 'కళకి ఫోన్ చేసి చెప్పు, నా దగ్గర దాని నంబరు లేదు' అన్నారు. సరే సార్ అన్నాను. ఫోను చేతిలోనే ఉంది. నీ పేరు దాకా వెళ్లాను. చెయ్యలేదు. ఒక్కరినే తీసుకుంటారు, నువ్వొస్తే నన్ను ఎవరు తీసుకుంటారు? నువ్వు నాకన్నా మంచిదానివి. అది అందరికీ తెలుసు.

నెట్‌వర్క్ మాట ఝూట్. నువ్వు అడిగిన ప్రతిసారీ మాట మార్చాను. నీకు కోపం రావాలి, రానీ. తిట్టు. ఎర్ర పెన్నుతో తిట్టు. కానీ నన్ను మాఫ్ చెయ్యి. కెనడా నుంచి వచ్చాక మల్లేశు సార్ ముందు, మీ అమ్మ ముందు నేనే నిలబడి చెబుతాను. చెప్పేసరికి మనసు ఎంత తేలికైందో దీదీ.

నీ లహరి


బారాసత్,
సెప్టెంబరు 23.

దీదీ, నా దీదీ,

ఆదివారం అమ్మకి ఫోన్ చేస్తే నీ గొంతు! మా ఇంటికి వచ్చావని వినగానే నేను ఏడ్చేశాను, నీకు తెలిసే ఉంటుంది. నా ఉత్తరం అందిందని అన్నావు. దాని గురించి ఇంకొక్క మాట కూడా అనలేదు. 'రాజీనామా రేపిస్తాను' అంటే 'మంచిది, ఇచ్చెయ్' అన్నావు. నీ మనసు ఎంత పెద్దది! నేనైతే అలా ఉండలేను.

నిన్న ఇచ్చేశాను. నాలుగు కాగితాలు పాడుచేసి ఐదోది సాఫ్‌గా రాశాను. సార్ చదివి నా మొహం చూశారు. మళ్లీ చదివారు.

"ఇంట్లో అడిగావా?" అన్నారు.

"అడిగాను సార్. ఖుషీగా ఉన్నారు."

"నీ ఇష్టంతోనేనా? ఎవరూ చెయ్యమనలేదుగా?"

"నా ఇష్టమే సార్."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంత మర్యాదగా ఇచ్చినవాళ్లని నేను చూడలేదమ్మా" అన్నారు. నాకు గర్వంగా అనిపించింది. ఆ స్వచ్ఛందముగా అన్న మాట నాకు చాలా నచ్చింది. స్వచ్ఛ్ అంటే సాఫ్ కదా, సాఫ్ మనసుతో ఇస్తున్నానని. వైదొలగుట అంటే మాత్రం తెలీలేదు, గొడవ నుంచి దూరంగా ఉండడమనుకున్నాను.

ఒక్కటే అర్థం కావడం లేదు. ఇవాళ ప్రాక్టీసుకి వెళ్తే నా పేరు పిలవలేదు. వార్డెన్ వచ్చి సామాను ఎప్పుడు సర్దుకుంటావని అడిగింది. కెనడాకి ఇంకా నెల ఉంది, ఇప్పుడే సర్దడం ఎందుకు? రేపు సార్‌ని అడుగుతాను.

నీ లహరి


జంగ్లీఘాట్,
అక్టోబరు 9.

కళకి,

ఈ ఉత్తరంలో తప్పులుంటే దిద్దకు.

నేను ఓడలో వస్తుండగా నువ్వు విమానంలో కలకత్తా వెళ్లిపోయావని అమ్మ చెప్పింది. నాలుగు రోజులు డెక్ మీద కూర్చుని, దిగగానే హోప్ టౌన్ బోటెక్కి నీ దగ్గరికి వచ్చి అడగాలనుకున్నాను. నువ్వు లేవు. నా మంచం మీద పడుకుంటున్నావు.

సార్ దగ్గరికి వెళ్లి నన్నెందుకు పంపేస్తున్నారని అడిగితే, "నువ్వే కదమ్మా మానేస్తానని రాసిచ్చావు" అన్నారు. నేను రాజీకి రాశానన్నాను. ఆయనకి నా మాటే అర్థం కాలేదు. కాగితం తెచ్చి, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివి, అర్థం చెప్పారు. రాజీనామా అంటే వదిలెయ్యడం. వైదొలగుట అంటే వెళ్లిపోవడం. స్వచ్ఛందముగా అంటే ఎవరూ అడక్కుండా. నాకు తెలీదు సార్ అని కాళ్లు పట్టుకున్నాను. "తెలుగమ్మాయివి, నీ చేత్తో ఇంత మంచి తెలుగు రాసి, తెలుగు రాదంటే కమిటీలో ఎవరు నమ్ముతారు?" అన్నారు. అప్పటికే ఆమోదించేశారు. మేడమ్ ఢిల్లీ వెళ్లి ఉంది. ఆమెకి చెప్పే వీలు కూడా లేకపోయింది.

అమ్మ అడిగినవాళ్లందరికీ 'మా అమ్మాయే వద్దనుకుని వచ్చేసింది' అని చెబుతోంది. తీసేశారంటే పరువు పోతుందట. నీ చిత్తు కాగితం నా దగ్గరే ఉంది. ఎవరికీ చూపించలేదు.

ట్రయల్ రోజు నేను చేసింది తప్పే. అది నేనే చెప్పాను, ఎవరూ అడక్కముందే చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ మాటకి నేనేం అనుకుంటున్నానో నీకు తెలీక రాశావా, తెలిసే రాశావా?

ఇంకొకటి. ఇది అడగడం కాదు, బతిమాలడం. మేడమ్ ఫిబ్రవరిలో మళ్లీ వచ్చి ఆడపిల్లల్ని చూస్తుందట. నేను కావాలని వదిలెయ్యలేదని ఆమెకి ఒక్కసారి చెప్పు. పొరపాటు జరిగిందని చెబితే చాలు. నీ పేరు చెప్పక్కర్లేదు. ఆమె పిలిస్తే నేను ఈదుకుంటూ అయినా వస్తాను. నాకు ఆట తప్ప ఇంకేం రాదు. నీకది తెలుసు, నువ్వే నేర్పావు.

లహరి


బారాసత్,
అక్టోబరు 18.

లహరీ,

తెలిసే రాశాను.

థానా ముందు కూర్చుని మీ నాన్నకి ఆ మాటతోనే రాజీపత్రం రాసింది నేను. షాపుకొచ్చి, ఉద్యోగం మానేస్తామనేవాళ్లకి అదే మాటతో నెలకి రెండైనా రాస్తాను. ఆ మాట హిందీలో కలుపుతుంది, తెలుగులో తెంపుతుంది. నీకు ఏది తెలుసో నీ ఉత్తరంలో నువ్వే విప్పి చెప్పావు. నేను కనిపెట్టాల్సింది కూడా ఏమీ లేకపోయింది.

ఎవరూ అడక్కముందే చెప్పానన్నావు. ఏప్రిల్‌లో, ట్రయల్ మర్నాడే మల్లేశు మాస్టారు నాకు చెప్పేశారు, లహరికి ముందురోజే చెప్పానమ్మా, నువ్వెందుకు ఆలస్యంగా వచ్చావని. అప్పటి నుంచి ఉత్తరాల్లో నిన్ను అడుగుతూనే ఉన్నాను. నువ్వు నెట్‌వర్క్ అన్నావు. ఫొటో గురించి రాశావు. బూట్లు పంపావు.

నువ్వు తప్పు ఒప్పుకున్న ఉత్తరం వచ్చిన రోజు ఏడ్చాను, అబద్ధమెందుకు. ఆదివారం మీ ఇంటికి వెళ్లింది నిన్ను ఆపడానికే. బోటులో కూర్చుని ఎలా చెప్పాలో మాటలు కూడా అనుకున్నాను. మీ అమ్మ ఫోను నా చేతికిచ్చింది. కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, నువ్వన్న మొదటి మాట ఏమిటో ఉత్తరంలో రాయలేదు. మర్చిపోయి ఉంటావు. "దీదీ, కెనడాలో మంచు పడుతుందట, నీకేం తీసుకురాను?" అన్నావు. నీ మాఫీ ఉత్తరం నాకంది వారం కాలేదు, అప్పుడే నాకు బహుమతులు తెచ్చేదానివైపోయావు. ఇచ్చెయ్ అన్నాను. నాకు నిద్ర పట్టడం లేదనుకుంటున్నావేమో. పడుతోంది.

చిత్తు కాగితం ఎవరికి కావాలంటే వాళ్లకి చూపించు. అందులో ఒక్క తప్పు లేదు. నువ్వు రాజీనామా అడిగావు, నేను రాజీనామా రాశాను.

ఇక నువ్వు బతిమాలిన సంగతి. నీ ఉత్తరం అందిన మర్నాడే మేడమ్ తనంతట తనే నన్ను పిలిపించింది. ఒళ్లో ఆడపిల్లల పేర్లు రాసుకునే ఒక చిన్న పుస్తకం. సార్ మధ్యలో కూర్చుని ఆమె మాట నాకు తెలుగులో చెప్పారు. "లహరి ఎందుకు వెళ్లిపోయిందో నాకర్థం కావడం లేదు. అలాంటి పిల్లని పదేళ్లకొకసారి చూస్తాం. ఫిబ్రవరిలో పిలిస్తే వస్తుందా? నీకు బాగా తెలిసిన పిల్లట కదా" అని అడిగింది.

నన్ను గురించి ఆమె ఎప్పుడూ అలాంటి మాట అనలేదు.

"రాదండీ, దానికి ఆట మీద మనసు లేదు" అన్నాను. సార్ అది ఇంగ్లీషులో చెప్పారు. మేడమ్ పుస్తకం తెరిచి, నీ పేరు కొట్టేసింది.

కళ